ఐదేళ్ల బాబుకు వాకీటాకీ: ఒకే చానల్, ఒకే పెద్ద బటన్ ఉన్న జత చాలు

మీ ప్రశ్న సారాంశం నాకు అర్థమైనంతవరకు ఇది. మీ బాబుకు ఐదేళ్లు నిండాయి. మూడంతస్తుల ఇంట్లో కింద అమ్మమ్మ, తాతయ్య ఉంటారు, పై అంతస్తులో మీరు ఉంటారు. వేసవి సెలవుల్లో నూజివీడు దగ్గరి మామిడి తోటకు వెళ్లినప్పుడు పెదనాన్న గారి అబ్బాయితో కలిసి ఆడుకుంటాడు. ఈ రెండు చోట్లా పనికొచ్చే వాకీటాకీ జత పదిహేను వందల రూపాయల లోపు కావాలి. పెట్టెల మీద ఐదు కిలోమీటర్లు, పది కిలోమీటర్లు, ఇరవై రెండు చానళ్లు అని రాసి ఉండటంతో దేన్ని నమ్మాలో తెలియడం లేదు. పైగా అమెరికాలో ఉన్న మీ తమ్ముడు అక్కడ నుంచి ఒక జత పంపిస్తానంటున్నారు, అది తీసుకోవచ్చా అని కూడా అడిగారు.

నేను ఇరవై ఆరేళ్లు వైర్‌లెస్ సెట్ల మరమ్మతు పనిలో ఉన్నాను. నా చేతి మీదుగా వెళ్లినవి ఎక్కువగా ఓడరేవులో, ఫ్యాక్టరీల్లో వాడే చేతి సెట్లే అయినా, గత ఏడెనిమిదేళ్లుగా చుట్టుపక్కల పిల్లల ఆట సెట్లు, మా మనవలవి కూడా విప్పి చూస్తూనే ఉన్నాను. ఆ అనుభవంతో ముందుగా నా సమాధానం చెప్పి, తర్వాత కారణాలు వివరిస్తాను. మీ బాబుకు కావలసినది ఒకే చానల్, మాట్లాడటానికి ఒకే పెద్ద బటన్, శబ్దం పెంచి తగ్గించే ఒక చక్రం, స్క్రూతో బిగించే సెల్లుల మూత ఉన్న తేలికైన జత. దూరం గురించి పెట్టె మీద రాసిన అంకెను పూర్తిగా పక్కన పెట్టండి. ఏ ఫ్రీక్వెన్సీలో, అంటే సెకనుకు ఎన్ని కంపనాలున్న రేడియో తరంగంతో, పనిచేస్తుందన్న అంకెను మాత్రం తప్పకుండా చూడండి. అమెరికా జత వద్దని మీ తమ్ముడికి చెప్పండి.

పెద్దవాళ్లం వాకీటాకీని ఫోన్ లాగా ఊహించుకుంటాం కాబట్టి, పిల్లవాడికి అది ఎక్కడ కష్టమవుతుందో మనకు వెంటనే తట్టదు. ఫోన్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడవచ్చు, వినవచ్చు. వాకీటాకీలో బటన్ నొక్కి ఉంచినంతసేపు మన సెట్టు పంపుతుందే తప్ప వినదు, బటన్ వదిలితేనే వింటుంది. మా చిన్న మనవడు నాలుగున్నరేళ్ల వయసులో మొదటిసారి సెట్టు పట్టుకున్నప్పుడు, బటన్ నొక్కడమూ "అమ్మమ్మా అన్నం తిన్నావా" అనడమూ ఒకేసారి చేశాడు. సెట్టు వినే స్థితి నుంచి పంపే స్థితికి మారడానికి పట్టే ఆ అరక్షణంలో మొదటి ముక్క ఎగిరిపోయి, అవతల మా ఆవిడకు "...మ్మా అన్నం తి" అని మాత్రమే వినిపించింది. ఎందుకంటే వాక్యం పూర్తి కాకముందే వేలు నొప్పి పుట్టి బటన్ వదిలేశాడు. తర్వాత జవాబు కోసం ఎదురుచూస్తూ మళ్లీ బటన్ నొక్కి పట్టుకున్నాడు, దాంతో ఆమె జవాబు వాడికి వినిపించనే లేదు. ఆ జతలో లోపమేమీ లేదు. బటన్ గట్టిగా ఉంది, వాడి బొటనవేలు చిన్నది, అంతే. అందుకే నేను అన్నిటికంటే ముందు చూసేది ఆ బటన్‌ను. మీ చిటికెన వేలితో నొక్కి పదిహేను అంకెలు లెక్కపెట్టేదాకా పట్టుకోండి. మీ చిటికెన వేలికే శ్రమ అనిపిస్తే, బాబు బొటనవేలికి అది పనికిరాదు.

ఐదేళ్లు ఇందుకు సరైన వయసే. మూడేళ్ల పిల్లలకు ఒకరు మాట్లాడాక మరొకరు మాట్లాడాలన్న క్రమం ఇంకా పట్టుబడదు. వాళ్లకు రెండు అగ్గిపెట్టెలకు దారం కట్టి మనం చిన్నప్పుడు చేసుకున్న ఫోనే ఎక్కువ ఆనందాన్ని ఇస్తుంది.

బటన్ తర్వాత చూడవలసినది మిగతా బటన్లు ఎన్ని ఉన్నాయన్నది. ఇరవై రెండు చానళ్లు ఉన్న సెట్టులో చానల్ మార్చే బటన్లు మాట్లాడే బటన్‌కు పక్కనే ఉంటాయి. పిల్లవాడు జేబులో పెట్టుకుని పరిగెత్తినప్పుడు అవి వాటంతట అవే నొక్కుకుని, ఒక సెట్టు మూడో చానల్‌లోను, మరొకటి ఏడో చానల్‌లోను ఉండిపోతాయి. నా దగ్గరకు "పాడైపోయింది" అని తెచ్చిన ఆట సెట్లలో చాలావరకు ఇలా చానళ్లు కలవనివే. మీరు చానళ్లున్న సెట్టు కొనక తప్పకపోతే, బటన్లకు తాళం వేసే ఏర్పాటు ఉందో లేదో చూసి, ఇంట్లో ఒకసారి రెండింటినీ ఒకే చానల్‌లో పెట్టి తాళం వేసేయండి. గొంతు వినగానే తనంతట తానే పంపడం మొదలుపెట్టే వాక్స్ అనే సదుపాయాన్ని పిల్లల సెట్లలో గొప్పగా ప్రకటిస్తారు. టీవీ మోత, ఫ్యాన్ చప్పుడు, కుక్క అరుపు వినగానే అది పంపడం మొదలుపెడుతుంది, ఆ వ్యవధిలో అవతలివాళ్ల మాట వినిపించదు. అది ఆపేసి ఉంచండి.

ఒకే చానల్ ఉంటే తక్కువ రకం అనుకోనక్కరలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు ఒంటి చేత్తో పట్టుకుని మాట్లాడిన ఎస్‌సీఆర్ 536 అనే సెట్టు రెండు కిలోలకు పైగా బరువుండేది. దాన్ని ఆన్ చేయడానికి ప్రత్యేకంగా స్విచ్ లేదు, యాంటెన్నాను బయటికి లాగితే ఆన్ అయ్యేది, లోపలికి నెడితే ఆఫ్ అయ్యేది. లోపల బిగించిన స్ఫటికాన్ని బట్టి ఒకే ఫ్రీక్వెన్సీలో పనిచేసేది. సైనికుడు దాన్ని యుద్ధభూమిలో తిప్పుతూ కూర్చోలేడు కాబట్టి అలా చేశారు. పిల్లవాడి విషయంలోనూ అదే న్యాయం వర్తిస్తుంది.

ఇక ఎవరూ చెప్పని, నా దృష్టిలో చాలా ముఖ్యమైన విషయం, సెట్టు ఊరికే ఉన్నప్పుడు చేసే బుస్సుమనే శబ్దం. రేడియోలో స్టేషన్ల మధ్య వినిపించే గరగర ధ్వని లాంటిదే ఇది. మంచి సెట్టులో అవతల నుంచి ఎవరూ మాట్లాడనప్పుడు స్పీకరును మూసి ఉంచే స్క్వెల్చ్ అనే చిన్న ఏర్పాటు ఉంటుంది. మరీ చౌక ఆట సెట్లలో దాన్ని వదిలేస్తారు. అప్పుడు సెట్టు ఆన్ చేసినంతసేపు బుస్సుమంటూనే ఉంటుంది, మాట వచ్చినప్పుడు ఆ బుసలో కలిసిపోతుంది. పిల్లవాడు రెండు రోజులు ఓర్చుకుంటాడు, మూడో రోజు ఇంట్లో పెద్దవాళ్లే చిరాకుపడి దాన్ని బీరువా పైన పెడతారు. దుకాణంలో ఒక సెట్టు ఆన్ చేసి, రెండోది ఆఫ్‌లోనే ఉంచి, అర నిమిషం వినండి. అది నిశ్శబ్దంగా ఉంటే మీరు సగం పరీక్ష గట్టెక్కినట్టే.

పెట్టె మీద రాసే కిలోమీటర్ల సంగతి కూడా చెప్పాలి. రెండు సెట్ల మధ్య గోడ, చెట్టు, మట్టిదిబ్బ ఏదీ లేకుండా, ఒక కొండ మీద నుంచి మరో కొండ మీదికి చూసినట్టు ఉన్నప్పుడు సాధ్యమయ్యే అంకె అది. మన ఇళ్లలో శ్లాబులో ఇనుప ఊచలు ఉంటాయి, గోడల్లో పైపులు, బీరువాలు, గ్రిల్స్ ఉంటాయి. ఇవన్నీ తరంగాన్ని అడ్డుకుంటాయి. మీరు చూడవలసిన సెట్లు రెండు రకాలు, 446 మెగాహెర్ట్జ్ (ఫ్రీక్వెన్సీ కొలత) దగ్గర పనిచేసేవి, 27 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసేవి. ఆ రెండే ఎందుకో కింద చెబుతాను. 446 మెగాహెర్ట్జ్ దగ్గర అర వాట్ శక్తితో పనిచేసే సెట్టు ఊళ్లో ఇళ్ల సందుల్లో మూడు నాలుగు వందల మీటర్లు పనిచేస్తే సంతోషించాలి, మీ మూడంతస్తుల ఇంటికి మాత్రం అది ధారాళంగా సరిపోతుంది. 27 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ఆట సెట్లకు శక్తి అంతకంటే ఎంతో తక్కువ. పైగా ఆ ఫ్రీక్వెన్సీలో తరంగం పొడవు సుమారు 11 మీటర్లు కాబట్టి దానికి తగిన పావు తరంగపు యాంటెన్నా రెండున్నర మీటర్లకు పైగా ఉండాలి, ఆట సెట్టుకు ఉండేది జానెడు కడ్డీ. 446 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 67 సెంటీమీటర్లే, దానికి 17 సెంటీమీటర్ల యాంటెన్నా చాలు, చుట్టచుట్టి రబ్బరు తొడిగితే ఇంకా పొట్టిగా చేయవచ్చు. అందుకే ఒకే పరిమాణంలో ఉన్న రెండు సెట్లలో 446 రకం మాట స్పష్టంగా వినిపిస్తుంది. మీ బడ్జెట్‌లో 446 రకం దొరికితే దాన్నే తీసుకోండి. దొరకకపోతే 27 రకం కూడా ఒకటి రెండు అంతస్తుల ఆటకు పనికొస్తుంది, కానీ దాన్ని బుస పరీక్ష పెట్టకుండా కొనవద్దు.

మామిడి తోట సంగతి వేరుగా ఆలోచించాలి. ఆకులు దట్టంగా ఉన్న చెట్లు, ముఖ్యంగా వాన పడి తడిసినప్పుడు, ఈ తరంగాలను బాగా పీల్చుకుంటాయి. తోట మధ్యలో ఒక చివర నుంచి మరో చివరికి మాట అందకపోతే సెట్టును తప్పుపట్టకుండా, పిల్లలను చెట్ల వరుసల మధ్య ఖాళీ బాట మీదికి రమ్మనండి, ఆ బాట వెంట చూపు సాగినంత దూరం మాట కూడా సాగుతుంది. సెట్టును నడుముకు తగిలించుకుని వినడం కంటే చేతిలో నిటారుగా, ఛాతీ ఎత్తున పట్టుకుంటే బాగా అందుతుంది, ఎందుకంటే మన శరీరం కూడా తరంగానికి అడ్డే. ఇంకొక మాట. తోటలో బావి, మోటారు షెడ్డు, కాలువ గట్టు ఉంటాయి. పిల్లవాడి చేతిలో వాకీటాకీ ఉంది కదా అని పెద్దవాళ్ల చూపు సడలడం నేను చాలా చోట్ల చూశాను. సెల్లులు అయిపోయిన సెట్టు, బటన్ నొక్కడం మరచిన సెట్టు ఆపదలో ఏమీ చెప్పలేవు. దాన్ని కాపలాగా ఎన్నడూ లెక్కపెట్టవద్దు.

ఇప్పుడు ఫ్రీక్వెన్సీ విషయానికి వస్తాను. చాలామంది తల్లిదండ్రులకు తెలియకుండానే చట్టాన్ని దాటేది ఇక్కడే. మన దేశంలో రేడియో తరంగాన్ని పంపే పరికరం దేనికైనా సాధారణంగా లైసెన్స్ ఉండాలి. తక్కువ శక్తి గల కొన్ని పరికరాలకు మాత్రం కొన్ని పట్టీలలో, అంటే ఒక ఫ్రీక్వెన్సీ నుంచి మరో ఫ్రీక్వెన్సీ దాకా ఉన్న హద్దుల్లో, ఆ అవసరం నుంచి మినహాయింపు ఇచ్చారు. చేతి సెట్లకు సంబంధించి మీరు గుర్తుపెట్టుకోవలసిన పట్టీలు రెండు. ఒకటి 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు, రెండోది 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు. ఈ రెండో పట్టీని 2018లో వచ్చిన తక్కువ శక్తి పరికరాల మినహాయింపు నియమాల్లో పొందుపరిచారు. లైసెన్స్ అక్కరలేని సెట్టుకైనా ఈటీఏ అని పిలిచే పరికర ఆమోద ధ్రువపత్రం ఉండాలి. అది తెచ్చుకునే బాధ్యత తయారీదారుది లేదా దిగుమతిదారుది, మీరు చేయవలసినది పెట్టె మీదనో, అమ్మకం పేజీలోనో ఫ్రీక్వెన్సీ, ఈటీఏ వివరాలు స్పష్టంగా ఉన్నాయా అని చూడటం. ఆన్‌లైన్‌లో ఈ వివరాలేవీ లేకుండా వేల సంఖ్యలో వాకీటాకీలు అమ్ముతున్నారని గుర్తించి, కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2025 మే నెలలో పలు అమ్మకపు వేదికలకు నోటీసులు ఇచ్చింది, ఆ తర్వాత ఇలాంటి రేడియో పరికరాల అమ్మకానికి ప్రత్యేక మార్గదర్శకాలు కూడా వచ్చాయి. కాబట్టి ఫ్రీక్వెన్సీ రాయని సెట్టును, ఎంత చౌకైనా, కొనవద్దు.

మీ తమ్ముడు పంపుతానన్న జత విషయంలో కూడా ఇదే అడ్డంకి. అమెరికాలో కుటుంబాల కోసం లైసెన్స్ లేకుండా వాడుకునే సెట్లు 462, 467 మెగాహెర్ట్జ్ పరిసరాల్లోని 22 చానళ్లలో పనిచేస్తాయి. అక్కడ అది పూర్తిగా చట్టబద్ధం. మన దేశంలో ఆ ఫ్రీక్వెన్సీలకు మినహాయింపు లేదు, వాటిని ఇతర అవసరాలకు కేటాయిస్తారు. మీరు పెట్టెల మీద తరచుగా చూసే "ఇరవై రెండు చానళ్లు" అన్న మాట చాలాసార్లు ఈ అమెరికా రకానికి గుర్తు. అలాంటి జతను సామాను సంచిలో తెచ్చుకుని ఇక్కడ వాడితే, ఆట పేరుతో ఎవరి అధికారిక సంభాషణలోనో అడ్డుపడే ప్రమాదం ఉంది. మీ తమ్ముడికి ప్రేమగా ఏదైనా పంపాలని ఉంటే మంచి రీఛార్జబుల్ సెల్లులు, వాటి ఛార్జరు పంపమనండి. వాటి అవసరం ఎందుకో కింద చెబుతాను. ఈ నియమం అటువైపు కూడా వర్తిస్తుంది. ఇక్కడ కొన్న 446 జతను పిల్లలు అమెరికా తీసుకువెళ్తే, అక్కడ ఆ పట్టీ లైసెన్స్ తీసుకుని అభిరుచి కోసం రేడియో నడిపే హామ్ రేడియో వారిది.

ఇంకొక రకం గురించి గట్టిగా హెచ్చరించాలి. నల్లగా, గట్టిగా, పైన ఒక గుబ్బ, పదహారు చానళ్లు, ఛార్జింగ్ తొట్టితో, పెద్ద హోటళ్ల కాపలాదారుల చేతిలో కనిపించే సెట్లు ఆన్‌లైన్‌లో జత రెండు మూడు వేలకే దొరుకుతుంటాయి. చూడటానికి అవి సరళంగా, దృఢంగా ఉండటంతో పిల్లలకు మంచివనిపిస్తాయి. వాటిలో చాలావరకు 400 నుంచి 470 మెగాహెర్ట్జ్ వరకు ఎక్కడైనా పనిచేసేలా కంప్యూటరుతో అమర్చుకునే సెట్లు, ఫ్యాక్టరీ నుంచి ఏ ఫ్రీక్వెన్సీలతో వస్తాయో కొనేవారికి తెలియదు. శక్తి కూడా అర వాట్‌కు ఎంతో ఎక్కువ. అవి లైసెన్స్ ఉన్న వృత్తిపరమైన వాడకానికి ఉద్దేశించినవి, పిల్లవాడి చేతికి ఇవ్వవలసినవి కావు.

మాటల గోప్యత గురించి మీరు అడగలేదు కానీ చెప్పడం నా బాధ్యత. కొన్ని సెట్లలో ముప్ఫై ఎనిమిది రహస్య కోడ్‌లు ఉన్నాయని రాస్తారు. అవి రహస్యాన్ని కాపాడవు. మన మాటతో పాటు చెవికి దాదాపు అందని ఒక సన్నని ధ్వనిని కలిపి పంపి, అదే ధ్వని ఉన్న మాటకే మన స్పీకరు తెరుచుకునేలా చేస్తాయి, అంతే. ఇతరుల మాట మనకు వినిపించకుండా ఆపుతాయి గానీ, మన మాట ఇతరులు వినకుండా ఆపలేవు. పక్క వీధిలో అదే చానల్‌లో ఉన్న ఎవరైనా మీ బాబు మాటలు వినగలరు, జవాబు చెప్పగలరు. అందుకని బాబుకు మొదటి రోజే ఒక పద్ధతి నేర్పండి. సెట్టులో ఇంటిపేరు, ఇంటి చిరునామా, బడి పేరు చెప్పకూడదు, ఆటకు పెట్టుకున్న పేరుతోనే పిలుచుకోవాలి, తెలియని గొంతు పలికితే జవాబివ్వకుండా సెట్టు ఆపేసి మీ దగ్గరికి రావాలి. మా మనవలు "చిలక", "పిచ్చుక" అని పిలుచుకుంటారు.

సెల్లుల విషయం నేను కొంచెం విస్తారంగా చెబుతాను, ఎందుకంటే పిల్లల సెట్లలో నిజమైన ప్రమాదం తరంగంలో లేదు, ఇక్కడ ఉంది. పిల్లల వాకీటాకీల్లో తరచుగా కనిపించేవి మూడు రకాలు: టీవీ రిమోట్‌లో వేసే సన్న పెన్సిల్ సెల్లులు మూడేసి పట్టేవి, తొమ్మిది వోల్టుల చదరపు బ్యాటరీ పట్టేవి, లోపలే ఛార్జింగ్ బ్యాటరీ ఉండేవి. చేతి గడియారం ఆకారంలో వచ్చే వాకీటాకీల్లో నాణెం లాంటి బిళ్ల సెల్లులు ఉండవచ్చు. బిళ్ల సెల్లు ఉన్నదాన్ని ఐదేళ్ల పిల్లవాడున్న ఇంటికి, ముఖ్యంగా వాడికి చెల్లెలో తమ్ముడో ఉన్న ఇంటికి తేవద్దు. బిళ్ల సెల్లును మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని, అక్కడి తడితో విద్యుత్తు ప్రవహించి, క్షారం పుట్టి, రెండు గంటల్లోపే లోపలి కండను కాల్చేయగలదు. బొమ్మను నడపలేనంత నీరసించిన సెల్లు కూడా ఈ హాని చేయగలదు. మింగాడన్న అనుమానం వచ్చినా కాలయాపన చేయకుండా ఎక్స్‌రే సదుపాయం ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి.

సన్న పెన్సిల్ సెల్లులున్న సెట్టు అయినా సెల్లుల మూత స్క్రూతో బిగించేదే కావాలి. గోటితో తెరుచుకునే మూత వద్దు. కొన్ని సెట్లలో స్క్రూ కోసం రంధ్రం ఉంటుంది గానీ స్క్రూ ఉండదు, కొన్నింటిలో ఉన్న స్క్రూ రెండుసార్లు విప్పేసరికి ప్లాస్టిక్ మర అరిగి ఊరికే తిరుగుతుంది. దుకాణదారుడి దగ్గర చిన్న స్క్రూడ్రైవరు అడిగి, మీ చేతులతో ఒకసారి విప్పి బిగించి చూడండి.

జతకు ఆరు సన్న సెల్లులు పడతాయి, పిల్లవాడు ఆఫ్ చేయడం మరచిపోతే అవి కొద్ది రోజుల్లోనే అయిపోతాయి. ఏడాది తిరిగేసరికి సెల్లుల ఖర్చు సెట్టు ఖర్చును దాటవచ్చని ముందే లెక్కవేసుకోండి. కొంతసేపు వాడకపోతే తనంతట తానే ఆగిపోయే సదుపాయం ఉన్న సెట్టుకు వంద రూపాయలు ఎక్కువైనా పెట్టవచ్చు. రీఛార్జబుల్ సెల్లులు వాడాలనుకుంటే ఒక్క సంగతి గమనించాలి. మామూలు ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులు, నికెల్ రకం రీఛార్జబుల్ సెల్లు 1.2 వోల్టులు. మూడు కలిపితే 4.5 వోల్టుల బదులు 3.6 వోల్టులే అందుతాయి. కొన్ని సెట్లు దీనితో చక్కగా పనిచేస్తాయి, కొన్నింటిలో మాట నీరసంగా వస్తుంది. సెట్టు సూచనల కాగితంలో రీఛార్జబుల్ సెల్లులు వాడవచ్చని ఉంటేనే వాటికి డబ్బు పెట్టండి.

సెలవులు అయిపోయి సెట్లను అటక మీద పెట్టేటప్పుడు సెల్లులు తీసేయండి. లోపల వదిలేసిన సెల్లు కారి, స్ప్రింగు మీద తెల్లని పొక్కు కట్టి, మరుసటి వేసవికి సెట్టు పలకదు. ఆల్కలైన్ సెల్లు కారినది క్షారం కాబట్టి, దూది చుట్టిన పుల్లను నిమ్మరసంలో ముంచి ఆ పొక్కును మెల్లగా తుడిచి, పొడి గుడ్డతో ఆరబెడితే చాలాసార్లు సెట్టు మళ్లీ బతుకుతుంది. చేతికి తొడుగు వేసుకుని పెద్దవాళ్లే చేయవలసిన పని ఇది.

మిగిలిన జాగ్రత్తలు త్వరగా చెబుతాను. లాగితే పొడవయ్యే సన్నని లోహపు యాంటెన్నా పరిగెత్తే పిల్లల కళ్లకు ప్రమాదం, పొట్టిగా వంగే రబ్బరు యాంటెన్నా ఉన్నదే తీసుకోండి. మెడలో వేసుకునే తాడు ఇస్తే దాన్ని తీసేసి, మణికట్టు పట్టీ గాని నడుముకు తగిలించే క్లిప్పు గాని ఉంచండి, మెడ తాడు కొమ్మకో కిటికీ ఊచకో తగులుకుంటుంది. పిల్లలు సెట్టును చెవికి ఆనించి వింటారు, శబ్దం పూర్తిగా పెంచినప్పుడు మీ చెవికే ఇబ్బందిగా ఉంటే అది వద్దు. బొమ్మగా అమ్మే సెట్టు అయితే ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. పద్నాలుగేళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి అది నిర్బంధం, విద్యుత్తుతో నడిచే బొమ్మలకు వర్తించే ప్రమాణం ఐఎస్ 15644. ఆ గుర్తు కింద ఉన్న లైసెన్స్ సంఖ్యను, ఆ గుర్తు ఇచ్చే భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అది నిజమైనదో కాదో తెలుస్తుంది. 446 సెట్లు కొన్ని బొమ్మలుగా కాక మామూలు సెట్లుగా అమ్ముడవుతాయి, వాటి మీద ఈ గుర్తు ఉండకపోవచ్చు. అప్పుడు సెల్లుల మూత, చిన్న భాగాలు మీరే మరింత శ్రద్ధగా చూసుకోవాలి.

చాలామంది అమ్మలు తరంగాల వల్ల హాని ఉందా అని అడుగుతారు. 446 సెట్టు అర వాట్ శక్తిని, అది కూడా బటన్ నొక్కినంతసేపే పంపుతుంది, వినేటప్పుడు ఏమీ పంపదు. పాత జీఎస్ఎం ఫోన్లు గరిష్ఠంగా రెండు వాట్ల దాకా పంపేవి. సెట్టును నోటికి నాలుగైదు వేళ్ల దూరంలో పట్టుకుని మాట్లాడటం అలవాటు చేయండి, అలా పట్టుకుంటే మాట కూడా చిట్లకుండా వినిపిస్తుంది.

దుకాణంలో పరీక్షించేటప్పుడు ఒక పొరపాటు జరుగుతుంది. రెండు సెట్లనూ కౌంటరు మీద పక్కపక్కన పెట్టి ఆన్ చేసి ఒకదానిలో మాట్లాడితే, రెండోదాని స్పీకరులో వచ్చిన శబ్దం మళ్లీ మొదటిదాని మైకులోకి వెళ్లి, చెవులు గింగురుమనే కూత వస్తుంది. ఇది లోపం కాదు, ఏ సెట్టయినా అలాగే చేస్తుంది. దీన్ని చూసి మంచి జతను తిరిగి ఇచ్చేసినవాళ్లను నేను చూశాను. ఒక సెట్టు మీరు తీసుకుని వీధి మలుపు దాకా వెళ్లండి, రెండోదానితో బాబును దుకాణంలో తాతయ్య పక్కన నిలబెట్టండి. బాబు చేతే బటన్ నొక్కించి, మనసులో ఒకటి అనుకున్నాక మాట్లాడమని, చెప్పడం అయ్యాక "చెప్పు" అని బటన్ వదలమని నేర్పండి. ఓవర్ అనే ఇంగ్లీషు మాట పిల్లలకు ఆటగా బాగుంటుంది గానీ, "చెప్పు" అంటే ఇక నీ వంతు అని వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. బాబు అన్న పది మాటల్లో మీకు ఎనిమిది స్పష్టంగా వినిపిస్తే ఆ జత కొనవచ్చు. ఇలా పరీక్షించనివ్వని దుకాణంలో కొనవద్దు. ఆన్‌లైన్‌లో కొనక తప్పకపోతే తిరిగి ఇచ్చే గడువు ముగిసేలోపు ఇదే పరీక్ష ఇంట్లో పై అంతస్తుకు, కింది అంతస్తుకు మధ్య చేయండి.

మీ పదిహేను వందల్లో సెట్లకు వెయ్యి, పన్నెండు వందలకు మించి పెట్టకండి. మిగిలినది సెల్లులకు ఉంచుకోండి. 446 రకం ఆ ధరకు దొరకకపోతే, ఇప్పటికి ఇంట్లో ఆటకు బుస లేని 27 రకం ఒకే చానల్ జత తీసుకుని, తోటకు కావలసిన 446 జతను వచ్చే వేసవికి పెదనాన్న గారి కుటుంబంతో కలిసి సగం సగం వేసుకుని కొనండి. తోటలో ఆడుకునే ఇద్దరు పిల్లలకూ కావలసినది ఎలాగూ ఒకే జత.